విషధూళి సోకిన పొలమును తిరిగి పంటకు తెచ్చుట

పైరు పోయినచో మరుసటి కారున మరల వేసికొనవచ్చును. పశువు పోయినచో అప్పో సప్పో చేసి మరియొకదానిని కొనవచ్చును. పొలమే చెడినచో రైతు చేయగలిగినదేమి? వరద, తుపాను, ఉప్పునీటి పోటు మన రైతులకు కొత్తవి కావు. వాని తరువాత నేలను బాగుచేసికొను పద్ధతులు తాతలనాటి నుండి కలవు. కాని కొలది దశాబ్దములలో ప్రపంచమున రెండు చోట్ల వ్యవసాయదారులకు పూర్వము ఎరుగని ఆపద వచ్చినది. 1986 ఏప్రిల్ 26న, నాటి సోవియట్ యూనియన్‌లోని ఉక్రెయిన్‌లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రపు నాలుగవ రియాక్టరు పేలినది. 2011 మార్చి 11న జపాన్ దేశమున గొప్ప భూకంపము, దాని వెంట సముద్రపు ఉప్పెన వచ్చి ఫుకుషిమా దైఇచి అణువిద్యుత్ కేంద్రము దెబ్బతిన్నది. రెండు సందర్భములలోను కంటికి కనబడని, వాసన తెలియని రేడియో ధార్మిక ధూళి గాలిలో కొట్టుకొనిపోయి, వానతో పాటు పొలములపైన, పచ్చికబయళ్ళపైన దిగినది.

ఆ నేలలను తిరిగి సాగుకు తెచ్చుటకు శాస్త్రజ్ఞులు, రైతులు కలిసి పెక్కు పద్ధతులను పరీక్షించిరి. కొన్ని నిలిచినవి, మిక్కిలి ఆశ కల్పించిన కొన్ని వీగిపోయినవి. ప్రయోగశాలలో పనిచేసినంత మాత్రమున ఒక పద్ధతి పొలమునకు పనికివచ్చునని చెప్పరాదు. రైతు పొలములో, రైతు పనిముట్లతో, ముందు వెనుక కొలిచి చూచినప్పుడే దాని విలువ తెలియును. ఈ సంగతిని ఫుకుషిమా, చెర్నోబిల్ రైతుల అనుభవమునుండి వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

పడినది ఏమిటి?

వైద్యుడు రోగము తెలియక మందు ఈయడు. అట్లే నేలపై పడిన పదార్థము ఏదియో తెలియక శుద్ధి మొదలుపెట్టరాదు. ఈ రెండు ప్రమాదములలోను వ్యవసాయమునకు ముఖ్యముగా చిక్కు తెచ్చినవి రేడియో ధార్మిక అయొడిన్, సీజియమ్ అను పదార్థములు. ఇవి తమంతట తామే క్రమముగా తగ్గిపోవును. సగము తగ్గుటకు పట్టు కాలమును అర్ధాయువు అందురు. అయొడిన్-131 అర్ధాయువు 8 రోజులు. సీజియమ్-134కు ఇంచుమించు 2 సంవత్సరములు. సీజియమ్-137కు ఇంచుమించు 30 సంవత్సరములు.

ఈ అంకెల భేదమును బట్టియే చికిత్స మారును. అయొడిన్ 80 రోజులలో వెయ్యవ వంతుకు తగ్గును. కనుక దానికి కావలసినది శుద్ధి కాదు, ఓపిక. అది సోకిన పాలను అప్పటికప్పుడు త్రాగక, పొడిగానో, వెన్నగానో, జున్నుగానో చేసి నిలువయుంచినచో కొన్ని నెలలలో ఆ దోషము పోవును. 1986లో ఈ పద్ధతిని వాడిరి. కాని అనేక గ్రామములకు హెచ్చరిక ఆలస్యముగా చేరినది. పచ్చిక మేసిన ఆవుల పాలను పిల్లలు త్రాగిరి. అయొడిన్ గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో చేరును. 1992 నుండి 2002 వరకు బెలారుస్, ఉక్రెయిన్, రష్యాలలో, ప్రమాదమునాటికి 18 ఏండ్లలోపు వయస్సు గలవారిలో ఇంచుమించు 4,000 మందికి థైరాయిడ్ క్యాన్సరు కనబడినది. చికిత్స వలన వారిలో అత్యధికులు బ్రతికిరి. అయినను, ఆ మొదటి కొలది రోజులలో పాలు ఆపియుండినచో ఈ వ్యాధిలో చాలభాగము తప్పియుండెడిది. అన్నిటికన్న చౌకయైన, అన్నిటికన్న ఫలించు పద్ధతి వేళకు అందిన హెచ్చరికయేనని దీనివలన తెలియుచున్నది.

సీజియమ్ సంగతి వేరు. ముప్పది ఏండ్ల అర్ధాయువు గల పదార్థము కొరకు రైతు వేచియుండలేడు. అందువలన శుద్ధి పద్ధతులన్నియు ముఖ్యముగా సీజియమ్ కొరకే ఏర్పడినవి.

దున్నుటకు ముందు ఆగుడు

సీజియమ్ బంకమట్టి రేణువులను గట్టిగా పట్టుకొనును. వాన పడినను సులభముగా క్రిందికి దిగదు. దున్నని పొలములో అది చాల ఏండ్లవరకు పై 5 సెంటీమీటర్లలో, అనగా రెండు అంగుళముల మన్నులోనే చాలవరకు నిలిచియుండును. ఇది ఒక విధముగా రైతు అదృష్టము. దోషమంతయు పలుచని పొరలో ఉన్నంతవరకు దానిని ఎత్తి పారవేయవచ్చును. ఒక్కసారి నాగలి పెట్టినచో అది 15, 20 సెంటీమీటర్ల మన్నులో కలిసిపోవును. అప్పుడు రెండు అంగుళములు తీసినను ప్రయోజనముండదు.

కనుకనే 2011 వసంతములో, దుక్కులు మొదలగు వేళకు, నేల పరీక్ష అగువరకు దున్నవద్దని ఫుకుషిమా రైతులను అధికారులు కోరిరి. అదునులో నాగలి కట్టకుండుట రైతునకు ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. కాని ఆగిన పొలములలో తరువాతి పని సులభమైనది.

ఇసుక నేలలలోను, కుళ్ళిన ఆకు అలము ఎక్కువగా గల చిత్తడి నేలలలోను బంకమట్టి తక్కువ. అట్టి నేలలో సీజియమ్ పట్టు వదలి మొక్కలోనికి పోవును. చెర్నోబిల్ పరిసరములలో ఇట్టి నేలలు విస్తారముగా ఉండుటచే, ధూళి తక్కువగా పడిన చోట్ల గూడ పాలలో సీజియమ్ ఎక్కువ కాలము కనబడినది. ధూళి ఎంత పడినదో తెలిసిన చాలదు, అది ఏ నేలపై పడినదో గూడ తెలియవలెను.

ఆరు పద్ధతులు, ఆరు ఫలితములు

2011లో జపాన్ వ్యవసాయ శాఖవారు, జాతీయ పరిశోధన సంస్థలవారు ఫుకుషిమా జిల్లాలోని ఇతాతె గ్రామము, కవమత పట్టణము మొదలగు చోట్ల రైతుల పొలములలోనే పద్ధతులను పరీక్షించిరి. ఒక సెకనులో ఒక అణువు విచ్ఛిన్నమైనచో దానిని ఒక బెకరెల్ అందురు. కిలో మన్నులో ఎన్ని బెకరెల్‌లు ఉన్నవో పనికి ముందు, పనికి తరువాత కొలిచిరి. వారికి వచ్చిన ఫలితములు ఇవి:

1. పైమన్ను గీకుట. ట్రాక్టరుతో పైమన్నును వదులుచేసి సుమారు 4 సెంటీమీటర్లు తీసివేయుట. సీజియమ్ నూటికి 75 వంతులు తగ్గినది.

2. గట్టిపరచి గీకుట. మెగ్నీషియమ్‌తో చేసిన మందును నీటిలో కలిపి పొలముపై చల్లి, పైపొర పెచ్చువలె గట్టిపడిన పిదప తీయుట. నూటికి 82 వంతులు తగ్గినది. దుమ్ము లేవదు. తీసిన చోటు, తీయని చోటు కంటికి తెలియును.

3. గడ్డిచెక్క తీయుట. గడ్డి మొలచిన నేలలో వేళ్ళతో సహా 3 సెంటీమీటర్ల పొరను చాపవలె చుట్టి తీయుట. నూటికి 97 వంతులు తగ్గినది. వేళ్ళు మన్నును పట్టియుంచుటచే పొర విడిపోలేదు.

4. దమ్ము చేసి బురదనీరు తీయుట. మడిలో నీరు పెట్టి పైపైన దమ్ము చేసి, సన్నని బంకమట్టి నీటిలో తేలియుండగనే ఆ నీటిని తోడి, మట్టిని పేర్చి వేరుచేయుట. నూటికి 36 వంతులే తగ్గినది. తీసివేయవలసిన మన్ను మాత్రము మిక్కిలి స్వల్పము.

5. తిరుగవేసి దున్నుట. రెక్క నాగలితో పైమన్నును అడుగుకు, అడుగుమన్నును పైకి తెచ్చుట. పొలమునుండి సీజియమ్ పోదు, కాని వేళ్ళకు, మనిషికి దూరమగును. తీసివేయవలసిన మన్ను లేదు.

6. పొద్దుతిరుగుడు పెంచుట. మొక్కలే నేలలోని సీజియమ్‌ను పీల్చివేయునని దేశమంతట ఆశపడి, చాలచోట్ల విత్తిరి. కొలిచి చూడగా, ఒక పైరు పీల్చినది నేలలోని దానిలో 2,000వ వంతు మాత్రమే.

ఈ ఆరవ ఫలితమును ప్రత్యేకముగా గమనింపవలెను. సీజియమ్-137 తనంతట తానే సంవత్సరమునకు నూటికి రెండు వంతులకు పైగా తగ్గును. పొద్దుతిరుగుడు తగ్గించునది నూటికి ఇరువదవ వంతు. అనగా ఏమియు చేయక ఊరకున్నను, పైరు వేసి పీకిన దానికన్న నలుబది రెట్లకు పైగా తగ్గును! పువ్వులు కనులకు ఇంపుగా ఉన్నవి, ప్రజలకు ధైర్యము ఇచ్చినవి. నేలను మాత్రము శుద్ధి చేయలేదు. కొలువకయే ఈ పద్ధతిని వ్యాపింపజేసినచో రైతుల శ్రమ, విత్తనము, రెండు మూడు కారులు వ్యర్థమై యుండెడివి.

ఫలితములను చూచి, ఒకే పద్ధతిని అందరికి విధింపక, దోషపు మోతాదును బట్టి పద్ధతిని నిర్ణయించిరి. కిలో మన్నుకు 5,000 బెకరెల్‌లకు లోపు ఉన్నచోట తిరుగవేసి దున్నుట చాలును. 5,000 నుండి 10,000 వరకు ఉన్నచో గీకుట, తిరుగవేయుట, దమ్ము చేయుట అను వానిలో నేలకు తగినది. 10,000 దాటినచో పైమన్ను తీయుట. 25,000 దాటినచో దుమ్ము లేవకుండ గట్టిపరచి తీయుట.

తిరుగవేసి దున్నుటలో ఒక మెలకువ కలదు. డెన్మార్కు దేశమువారు చెర్నోబిల్ తరువాత ఇందుకై ప్రత్యేకమైన నాగలిని రూపొందించిరి. అది పై 5 సెంటీమీటర్ల మన్నును మాత్రము తీసి 45 సెంటీమీటర్ల లోతున పూడ్చి, నడిమి సారవంతమైన మన్నును తిరుగవేయక పైననే ఉంచును. ఎంత మంచి నాగలియైనను ఈ పని ఒక్కసారియే చేయవలెను. మరుసటి ఏట మరల లోతుగా దున్నినచో పూడ్చినది తిరిగి పైకి వచ్చును. రాతినేలలకు, పలుచని నేలలకు, భూగర్భజలము పైననే ఉన్న నేలలకు ఇది పనికిరాదు.

తీసిన మన్ను ఎక్కడ పెట్టవలెను?

గీకుట ఫలించు పద్ధతియే. కాని దాని వెంట వచ్చు భారమును లెక్కవేసి చూడుడు. ఒక ఎకరమునకు 5 సెంటీమీటర్ల మన్ను తీసినచో 200 ఘనమీటర్ల మన్ను వచ్చును. ట్రాక్టరు ట్రక్కుకు 3 ఘనమీటర్లు పట్టునని అనుకొన్నను, ఎకరమునకు 65 ట్రక్కులకు పైగా అగును. ఆ మన్నును ఏ ఊరివారు తమ ఊరిలో పెట్టనిత్తురు?

ఫుకుషిమాలో ఈ ప్రశ్నయే అన్నిటికన్న కఠినమైనది. నల్లని పెద్ద సంచులలో మన్ను నింపి, ఏండ్ల తరబడి పొలములలోనే వరుసలుగా పేర్చిరి. అణుకేంద్రము ఉన్న ఒకుమ, ఫుతబ పట్టణములలో 1,600 హెక్టార్ల విస్తీర్ణములో తాత్కాలిక నిలువ స్థలము ఏర్పాటుచేసి, 2015 మార్చి నుండి అక్కడకు చేర్చిరి. చేరినది ఇంచుమించు 1 కోటి 40 లక్షల ఘనమీటర్లు. దానిని 2045 మార్చి లోపల ఫుకుషిమా జిల్లాకు వెలుపల శాశ్వతముగా భద్రపరుపవలెనని చట్టము చేసిరి. తాత్కాలిక స్థలమునకై తమ ఇండ్లు, పొలములు వదలుకొన్న రైతులకు ఇచ్చిన మాట అది.

రెండవ భారము సారము. పై రెండు అంగుళముల మన్ను రైతు తరతరములుగా పెంటయెరువు వేసి పెంచిన సొత్తు. దానిని తీసి, బదులుగా కొండనుండి తెచ్చిన ఇసుకమన్ను పరచిరి. అది శుద్ధమైనదే, కాని సారము లేనిది. పొలమును తిరిగి పొలముగా చేయుటకు పచ్చిరొట్ట దున్నుట, పశువుల ఎరువు తోలుట మొదలగు పాత పనులనే మరల మొదటినుండి చేయవలసి వచ్చినది. ధూళిని కొలుచు యంత్రము తగ్గిన అంకె చూపినంతనే రైతు పని ముగిసినట్లు కాదు.

ఇతాతె గ్రామములో రైతులు, స్వచ్ఛందముగా వచ్చిన శాస్త్రజ్ఞులు కలిసి తమ ఊరికి తగిన ఉపాయములు వెదకిరి. టోక్యో విశ్వవిద్యాలయమున నేలశాస్త్రపు ఆచార్యులైన మసారు మిజొగుచి వారిలో ఒకరు. ఆ ఊరు ఎత్తున ఉండుటచే చలికాలమున పైమన్ను గడ్డకట్టును. 2012 జనవరిలో, గడ్డకట్టిన ఆ పొరను యంత్రపు పారతో పలకలవలె పెకలించి చూడగా, పైమన్ను దాదాపు పూర్తిగా విడివచ్చినది. మందు చల్లి గట్టిపరచు పనిని చలియే చేసినది! తీసిన మన్నును అదే పొలములో గొయ్యి త్రవ్వి అడుగున వేసి, పైన మంచి మన్ను కప్పు పద్ధతిని గూడ వారు పరీక్షించిరి. సీజియమ్ బంకమట్టిని వదలదు గనుక, కప్పియున్నంతవరకు అది కదలదని కొలిచి చూపిరి. ఖరీదైన యంత్రములు లేకయే, ఊరి శీతోష్ణమును, ఊరి పనిముట్లను వాడుకొను పద్ధతి ఇది.

పొటాష్ చేసిన మేలు

నేలలోని సీజియమ్‌ను అంతటిని తీయుట అసాధ్యము. మిగిలినది పంటలోనికి పోకుండ ఆపుట ఎట్లు? ఇక్కడ మనకు బాగుగా తెలిసిన ఎరువే ఉపకరించినది.

సీజియమ్, పొటాషియమ్ రసాయన శాస్త్రము ప్రకారము ఒకే కుటుంబములోనివి. మొక్క వేళ్ళు పొటాష్ కొరకు తెరచిన త్రోవలోనే సీజియమ్ గూడ దూరును. నేలలో పొటాష్ చాలినంత ఉన్నచో త్రోవ దానితోనే నిండి సీజియమ్‌కు చోటు దొరకదు. పొటాష్ తక్కువైన నేలలో ఆకలిగొన్న వేరు సీజియమ్‌నే పీల్చుకొనును.

ఈ సంగతి ఫుకుషిమా రైతులకు నష్టపడిన పిదపనే పూర్తిగా తెలిసినది. 2011 అక్టోబరులో నమూనాలు పరీక్షించి, జిల్లాలో పండిన బియ్యము క్షేమకరమని ప్రకటించిరి. నవంబరులో ఫుకుషిమా నగరపు ఒనామి ప్రాంతములోని బియ్యములో కిలోకు 630 బెకరెల్‌లు కనబడినవి. నాటి పరిమితి 500. ఆ ప్రాంతపు బియ్యము అమ్మకము ఆగిపోయినది. జిల్లా బియ్యమంతటికి చెడ్డపేరు వచ్చినది. కారణము వెదకగా, బియ్యములో సీజియమ్ ఎక్కువైన పొలములలో ముఖ్యముగా నేలలోని పొటాష్ తక్కువగా ఉన్నట్లు తేలినది.

అప్పటినుండి వరి మడులలో 100 గ్రాముల మన్నుకు 25 మిల్లీగ్రాముల పొటాష్ ఉండునట్లు, నాటుటకు ముందు ఎరువు వేయవలెనని సిఫారసు చేసి, ఆ ఎరువును రైతులకు అందజేసిరి. మన భూసార పరీక్ష పత్రములలోని లెక్కకు మార్చినచో, అది హెక్టారుకు ఇంచుమించు 500 కిలోలు. పైరు పోషణకు కావలసిన దానికన్న ఇది ఎక్కువ. సీజియమ్ సోకిన నేలకు చేసిన ఏర్పాటే గాని, మామూలు పొలములకు అనుసరింపదగినది కాదు. అయినను నేలలో ఏమున్నదో రైతు ముందుగా తెలిసికొనియుండుట ఆపత్కాలమున ఎంత అక్కరకు వచ్చునో దీనివలన గ్రహింపవచ్చును.

పశువులు, మేత

2011 జూలైలో జపాన్‌లో గొడ్డుమాంసములో పరిమితికి మించి సీజియమ్ కనబడినది. పశువులు కొట్టములోనే ఉన్నవి, బయట మేయలేదు. విచారింపగా, అంతకు ముందటి శరత్కాలపు వరిగడ్డిని మార్చిలో పొలముపైననే వదలియుండగా దానిపై ధూళి పడినదని, ఆ గడ్డిని దూరపు జిల్లాలకు గూడ అమ్మిరని తెలిసినది. కప్పుక్రింద నున్న గడ్డికి ఏ హానియు కలుగలేదు. ఒక టార్పాలిను చేయగల పనిని తరువాత ఏ యంత్రమును చేయలేదు.

మేత సోకిన పశువును వదలుకోనక్కరలేదు. శుభ్రమైన మేత పెట్టినచో కొన్ని వారములలో శరీరమునుండి సీజియమ్ పోవును. ఈ పనిని త్వరపరచుటకు ప్రష్యన్ బ్లూ అను నీలిరంగు మిక్కిలి ఉపకరించినది. ఇది 18వ శతాబ్ది ఆరంభమున బెర్లిన్‌లో చిత్రకారుల కొరకు తయారైన రంగు. దీనిని దాణాలో రోజుకు కొలది గ్రాములు కలిపినచో, కడుపులో సీజియమ్‌ను పట్టుకొని పేడతో బయటకు పంపును. నార్వే దేశములో చెర్నోబిల్ ధూళి సోకిన కొండ పచ్చికలలో మేయు గొర్రెలకు, రెయిన్‌డీర్ పశువులకు దీనిని ఉప్పుగడ్డలలో కలిపియు, కడుపులో వారముల తరబడి మెల్లగా కరగు మాత్రలుగ చేసియు వాడిరి. 1990ల ఆరంభమునుండి బెలారుస్, రష్యా, ఉక్రెయిన్‌లలో పాడిపశువులకు ఇచ్చిరి. పాలలోని సీజియమ్ మూడవ వంతుకును, ఇంకను తక్కువకును దిగినది. ఆవు, పచ్చిక, పాలవాడు అందరు తమ స్థానములలోనే ఉండి, దాణాలో ఒక చెంచా మాత్రము కలిసినది. కనుకనే అది గ్రామములలో నిలిచినది.

సంచి సంచికి పరీక్ష

నేల బాగుపడినను, కొనువాడు నమ్మనిచో రైతు బాగుపడడు. 2012 ఏప్రిల్ నుండి జపాన్ ప్రభుత్వము ఆహారపు పరిమితిని కిలోకు 500 నుండి 100 బెకరెల్‌లకు తగ్గించినది. ఆ సంవత్సరమునుండి ఫుకుషిమాలో పండిన బియ్యపు సంచులన్నిటిని, 30 కిలోల సంచి ఒక్కొక్కదానిని, కదలెడు పట్టీపై నడిపి కొలుచు యంత్రములతో పరీక్షించిరి. సంవత్సరమునకు ఇంచుమించు కోటి సంచులు! 2012లో పరిమితి దాటినవి 71 సంచులు. 2013లో 28. 2014లో రెండు. 2015 పంటనుండి ఒక్కటియు లేదు. ఆ పిమ్మట, 2020 పంటనుండి చాలచోట్ల నమూనా పరీక్షకు మారిరి. పొటాష్, దుక్కి, గీకుడు కలిసి ఏమి సాధించినవో ఈ అంకెలు రైతు తరపున సాక్ష్యము పలికినవి.

శుద్ధికి ఎల్లలు గూడ ఉన్నవి. ఫుకుషిమాలో నూటికి 70 వంతులు అడవి. ఇండ్ల సమీపపు అంచులు తప్ప అడవిని శుద్ధి చేయలేదు. అడవి పుట్టగొడుగులపై ఆంక్షలు చాలచోట్ల ఏండ్ల తరబడి కొనసాగినవి. చెర్నోబిల్ ప్రమాదము వలన మూడు దేశములలో 7,84,320 హెక్టార్ల సాగుభూమిని సాగునుండి తొలగింపవలసి వచ్చినది. దానిలో కొంత తరువాత తిరిగి సాగుకు వచ్చినది.

కొత్త పద్ధతి వచ్చినప్పుడు అడుగవలసినవి

పెద్ద ప్రమాదము జరిగిన వెంటనే, మా పొడి చల్లుడు, మా సూక్ష్మజీవులను వదలుడు, మా యంత్రము కొనుడు అని పలువురు వత్తురు. వారిలో నిజమైన విద్య గలవారును ఉందురు, లేనివారును ఉందురు. వేరుపరచుటకు ఈ ఐదు ప్రశ్నలు చాలును:

1. ఏ పదార్థము కొరకు ఈ పద్ధతి? మన నేలపై పడినది అదియేనా?
2. మనవంటి నేలలో, ఒక సెంటు మడిలోనైనను చేసి చూపిరా? అదే చోట, అదే లోతున, ముందు వెనుక కొలిచిరా? ప్రక్కన ఏమియు చేయని మడిని గూడ కొలిచిరా?
3. తీసిన మన్ను, నీరు, గడ్డి ఎక్కడకు పోవును? దానికి బాధ్యులెవరు?
4. నేల సారము ఎంత పోవును? దానిని తిరిగి తెచ్చుటకు ఖర్చు ఎవరు పెట్టుదురు?
5. ఊరివారు తమ పనిముట్లతో చేయగలరా? పనిచేయువారి ఒంటికి రక్షణ ఏమి?

రెండవ ప్రశ్నకు జవాబు లేని పద్ధతిని ఎంత పెద్దవారు చెప్పినను ఊరంతటికి వర్తింపజేయరాదు.

మన గ్రామములలో

ఇట్టి ఆపదలు అణుకేంద్రములవలననే వచ్చునని తలపరాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణము దగ్గర వెంకటాపురమున ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీన్ ఆవిరి వెడలి 12 మంది ప్రాణములు పోయినవి. పశువులు, పైరులు దెబ్బతిన్నవి. తొట్టిలో మిగిలిన స్టైరీన్ ఇంకను వేడెక్కకుండ ఆపు మందును గుజరాతు నుండి విమానములో తెప్పించిరి. స్టైరీన్ సీజియమ్ వంటిది కాదు. గాలిలో త్వరగా విచ్ఛిన్నమగును, మట్టిలో ఏండ్ల తరబడి నిలువదు. కనుక అక్కడ మన్ను గీకుటలో అర్థము లేదు. కొంతకాలము ఆ చుట్టుపట్ల మేత, కూరగాయలు వాడక, నీరు పరీక్షించుటయే సరియైన పని. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో, ఉపయోగము తీరిన ఒక పరికరమునుండి కోబాల్ట్-60 బయటపడి ఒకరు మరణించిరి. పాత ఇనుము మన ఊళ్ళలోను కొందురు. పసుపు పలకపై నల్లని మూడు రెక్కల గుర్తు గల వస్తువును, ఎంత బరువైనను, ఎంత ధర పలికినను, పగులగొట్టరాదు.

గ్రామాధికారులు, రైతులు గుర్తుంచుకొనదగిన పనులు కొన్ని గలవు. ప్రమాదపు వార్త అందిన వెంటనే 112కు తెలుపవలెను. జిల్లాలో విపత్తు నిర్వహణకు కలెక్టరు అధ్యక్షులు గనుక, వారి కార్యాలయపు సూచనలను ఊరంతటికి దండోరాతోనైనను చేర్చవలెను. గడ్డివాములను, బావులను, నీటితొట్లను కప్పవలెను. పశువులను కొట్టములో కట్టి నిలువ మేత వేయవలెను. పాలు పరీక్ష అగువరకు పిల్లలకు పోయరాదు. నేల పరీక్ష అగువరకు నాగలి పెట్టరాదు. మన్ను నమూనా తీసినప్పుడు సర్వే నెంబరు, తేదీ, లోతు తప్పక వ్రాయవలెను. లోతు వ్రాయని నమూనా పోలికకు పనికిరాదు. ఏ పొలమున ఏమి చేసినదియు, తీసిన మన్ను ఎక్కడ పెట్టినదియు గ్రామ దస్త్రములో ఉండవలెను. ముప్పది ఏండ్ల తరువాత ఆ గట్టున బావి త్రవ్వు వానికి ఆ వ్రాతయే రక్ష.

ఈ పనులలో చాలవరకు ఖర్చు లేనివి. ఆపద రాకముందే చేయదగినవి గూడ వీనిలో ఉన్నవి: భూసార పరీక్ష చేయించి పత్రము భద్రపరచుకొనుట, మేతను కప్పుక్రింద ఉంచుట, సమీప కర్మాగారములలో ఏయే రసాయనములు నిలువ చేయుదురో పంచాయతీ అడిగి తెలిసికొనుట. ఇతాతె గ్రామపు ప్రజలలో చాలమంది ఆరేండ్లు ఊరు విడిచియుండి, 2017 మార్చి 31న ఆంక్షలు తొలగిన పిదప, కొలదిమందియే అయినను, తిరిగి వచ్చి నాట్లు వేసిరి. ఆ పొలములలో పనిచేసినవి నాగలి, పొటాష్, పార, కొలత, ఓపిక. వీనిలో మన ఊళ్ళకు కొత్తది కొలత ఒక్కటియే. దానిని అలవాటు చేసికొనుటకు ప్రమాదము వచ్చువరకు వేచియుండనక్కరలేదు.